ఓడినోని పేరు

ముసఫా క్యాంపు, పద్నాలుగో రూము.
నూనె డబ్బాకు ఆనిచ్చిన ఫోన్ల
నూటయాభై ఏండ్ల కిందటి చదరంగం.

"మంత్రినిచ్చిండు!" లేచి కూసున్నడు లింబాద్రి,
తన ఆర్నెల్ల జీతం ఎవలో ఇచ్చేసినట్టు.
షట్టరింగు భూమేశుకు ఎత్తులతోని పనిలేదు:
"బల్ల టేకుది. అంచు సూడు, రందా ఎట్ల పట్టిండో."
పై మంచం మీదికెల్లి రాజలింగు:
"గుర్రం మనసొంటిదే. సక్కగ నడ్వనియ్యరు."

ఆటకట్టు.
గెలిచినోన్ని పొగుడుకుంట గొంతు ఆగుతలేదు.

ఉల్లిగడ్డ కోస్తున్న ముత్తెన్న
కత్తి ఆపిండు: "ఓడినోని పేరేంది?"

ఎవ్వలం ఇనలే.
ఎనక్కి జరిపినం, ఇంకింత ఎనక్కి,
డాటా అయిపోయింది.

మబ్బుల నాలుగింటికి బస్సుల
హెల్మెట్లు ఒళ్లె పెట్టుకొని అందరం తూగుతున్నం.
ముత్తెన్న నా బుజం తట్టిండు:
"ఆయ్న లేచి చెయ్యి కలిపిండా,
అట్లనే కూసున్నడా?"