వెనకమాట

తెర పక్కన లాంతరు పట్టుకుని
మాట మర్చిపోయినోడికి మాట అందించడం నా పనండి.
యాళ్ళ వీర్రాఘవులు గారు ఆడించిన ఒకే ఒక్క ఆటలో
ఆ రాత్రి కొత్తపేటలో ఎవరూ మాట మర్చిపోలేదు.
మర్చిపోతే బాగుండేది.

అబద్ధం ఆడటం చాతకాని పడవ సరంగు ఒకడు
జమీందారు సరుకు దొంగసరుకని
జమీందారు మొహమ్మీదే చెప్పే ఆట.
పద్యం లేదు, కిరీటం లేదు.
"కృష్ణుడేడయ్యా" అని ముందు బల్ల మీంచి ఒకాయన,
"రాగం తియ్యరా" అని వెనక పదిమంది.
హార్మణీ మేష్టారు ఏం తోచక
ఒకే మెట్టు నొక్కిపెట్టి కూర్చున్నాడు.
మొదట ఈలలు. తరవాత బొండాం డొక్కలు.
రెండో అంకం సగంలో పెట్రోమాక్సు లైటు ఎవరో ఎత్తుకుపోయారు.
చీకట్లో సరంగు వేషగాడు ఇంకా చెబుతున్నాడు,
నేను ఇంకా అందిస్తున్నాను.

మర్నాడు పొద్దున్నే లొల్ల లాకుల దగ్గర
ఆయన ఎప్పటిలాగే నీటిమట్టం చూసి
నాలుగడుగుల ఏడంగుళాలు అని రాసుకున్నారు.
నన్ను చూసి, "ఆయ్, టీ తాగుదురుగాని రండి."
అంతే.
ముప్పయ్యొక్క ఏళ్ళు ఆట ఊసెత్తలేదు.

ఒక్కసారి మాత్రం,
హైస్కూలు లెక్కల మేష్టారు కబుర్లలో పడి చెప్పాడు:
ఆస్ట్రియా అని ఒక దేశం, వియన్నా అని ఊరు,
అక్కడ వెనకటికి ఒకాయన
సర్కారు పాత కాగితాల కొలువు చేస్తూ నాటకాలు రాశాట్ట.
ఏడుపు నాటకాలకి దండలేశారట.
నవ్వు నాటకానికి ఈలలేశారట.
ఆ తరవాత రాసినవన్నీ సొరుగులో పెట్టుకున్నాడట,
పోయాకే బయటికొచ్చాయట.
"ఎంత అలకండీ!" అన్నాడు మేష్టారు.
రాఘవులు గారు తడి గొడుగు దులిపి,
"అలకేం కాదు, నీళ్ళు సమం కాలేదు," అన్నారు.

లాకు చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను.
పడవ రెండు తలుపుల మధ్యకొచ్చి ఆగుతుంది.
అటు నీరూ ఇటు నీరూ ఒక మట్టానికి రావాలి,
అందాకా తలుపు తియ్యకూడదు.
లోపలున్నోళ్ళు చుట్ట కాల్చుకుంటారు,
ఎసరు పెట్టుకుంటారు.

పోయిన ఆషాఢంలో ఆయన పోయారు.
సొరుగు లేదండి ఆయనకి. లాకు రిజిస్టర్లే.
ఈ వైపు తేదీ, పడవ నెంబరు, ధాన్యం బస్తాలు,
తిప్పితే అదే సిరాతో
సరంగు, తాడు విప్పుతూ...
రోడ్డు పడి లారీలొచ్చాక
ఈ వైపంతా "పడవలు: లేవు", "పడవలు: లేవు".
ఆ వైపు మాత్రం అంకాలు పొడుగవుతూ పోయాయి.

మూడు ఆటలు పూర్తిగా ఉన్నాయి.
నాలుగోదాంట్లో ముసలి సరంగు అర్ధరాత్రి లేచి,
"నేను చెప్పేదేంటంటే" అంటాడు.
తరవాత తెల్లకాగితం.
యాభై ఏళ్ళు అందించిన నోరు నాది,
ఎంత సేపు చూసినా ఒక్క ముక్క రాలేదు.

నిన్న రిజిస్టరు పట్టుకుని లాకుల మీదకెళ్ళాను.
తలుపుల మధ్య గుర్రపుడెక్క, ఊదా పూలు.
కొలబద్ద మీద మూడడుగులు,
పైన అంగుళాలు కళ్ళకి ఆనలేదు.
రాద్దామని కలం తీశాను,
ఏ వైపు రాయాలో తెలీక
కాసేపు అలా నించున్నాను.