మూసిన కండ్లకు కొలతలు

నయీంనగర్‌ల, టిఫిన్ సెంటర్ మీద రెండో అంతస్తు.
మెట్ల పొంటి సాంబారు వాసన పైదాంక తోల్కొస్తది,
తలుపు కాడ జిగురు వాసన అందుకుంటది.
చెప్పులు ఆడనే ఇడువు, అంటను.
ఫోను బ్యాగుల ఏస్కో. పండుకో.
రెండు గంటలు కండ్లు తెరువద్దు.

ఫ్యాను బందు. గాలికి ఎంటికలు లేచిపోతయ్.
కింది రెప్ప మీద తెల్ల పట్టీ అతికిచ్చి
దాని మీద పెన్నుతోని గీతలు గీస్త:
ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు, మళ్ల తొమ్మిది.
కొత్తవాడల మా బాపు
జంపఖానా మగ్గం ఎక్కేముందు
గోడకు బొగ్గుతోని గిట్లనే అంకెలేసేటోడు.
మా అవ్వ తిట్టేది, సున్నమేసిన గోడ అని.

గుండ్రటి కండ్లకు కొసకు పొడుగు పెడ్త,
బాదం గింజ లెక్క సాగుతయ్.
లోతుకు గుంజుకపోయిన కండ్లకు
పొడుగు ఎక్కువ, వంపు తక్కువ.
రెప్ప మడతల దాగిన కండ్లు ఎస్తేరువి.
నడుమ ఎత్తు ఇచ్చి, మొదట్లనే తిప్పాలె,
లేకుంటె పెట్టినయన్ని మడతకే తల్గుతయ్.
ఎంజీఎంల నైట్ డ్యూటీ దిగి సక్కగ ఈడికే వస్తది,
పదో ఎంటికకే గురక.
ఆమె గురక మీద నా చెయ్యి బాగ నడుస్తది.

నేర్పిన మేడం నాలుగు బొమ్మలు చూపిచ్చింది, నాలుగు తీర్ల కండ్లు.
ఏడేండ్ల సంది చేస్తున్న,
ఆ బొమ్మలల్ల ఉన్న కన్ను ఒక్కటి కూడ రాలే.
కుడిది ఒకతీరు, ఎడమది ఒకతీరు, ఎవ్వలికైనా.
చెప్పను. అర మిల్లీమీటరు సర్దుత.

పని నేర్సింది మాత్రం మేడం కాడ గాదు.
మా నాయినమ్మ బుచ్చవ్వకు
రెప్ప ఎంటికలు లోపటికి మొలిచేటియి.
నెలకోపారి, గడపల, పగటేల ఎండ పడే కాడ
నా తొడ మీద తల పెట్టేది.
"పీకు బిడ్డా, కండ్లల్ల ఇసుక పోసినట్టున్నది."
ముల్లు తీసే చిమ్టా. తొమ్మిదేండ్లు నాకు.
ఊపిరి బిగవట్టుడు ఆడనే వచ్చింది.
పీకినదాన్ని వేలు మీద పెట్టి చూపిస్తె
చూడకుంటనే "పారెయ్" అనేది.
ఇప్పుడు గంత సన్నటిదాన్నే
జిగురుల ముంచి, పైసలు తీస్కోని పెడ్తున్న.

వానకాలం జిగురు తొందరగ పట్టేస్తది, చెయ్యి ఉరకాలె.
అసొంటి ముసురునాడు భూలక్ష్మి వచ్చింది,
పరకాల బస్సుల కండక్టరు.
కండ్ల కొసలు కిందికి జారినయ్.
"నేను మంచిగనే ఉంట అక్కా.
టిక్కెటు తీస్కున్న ప్రతి ముసలామె
ఏమైంది బిడ్డా అంటది. చిల్లర ఇయ్యాల్నా, జవాబియ్యాల్నా?"

జారిన కండ్లకు కొసకు పొడుగు పెట్టొద్దు,
బరువుకు ఇంకింత వాలుతయ్.
కొసకు కొంచెం ముందుగాలనే ఎత్తు ఆపాలె.
ఆపిన.
ఎడమ కన్ను సగమైంది.
మూసిన కండ్లతోనే అన్నది:
"ఒక్కనాడు మాత్రం, అక్కా,
ఆమె అడిగింది కరెక్టే."

ఏమైందో చెప్పలే. నేను అడుగలే.
చిమ్టా ఆపి, చిన్న పంకతోని ఆరవెట్టిన.
తడి తగిలితె జిగురు తెల్లవడ్తది.

లేచి అద్దం చూస్కోని
"బస్ పాసు నడుస్తదా ఈడ?" అని నవ్వింది.

మూడు వారాలకు మళ్ల వచ్చింది.
ఎడమదిక్కు ఎక్కువ రాలినయ్,
అటే వొరిగి పంటదన్నట్టు.
చెప్పులు ఇడిచింది, ఫోను బ్యాగుల ఏస్కున్నది.
"ఇప్పుడు ఎవ్వలు అడుగుతలేరక్కా" అన్నది.
సంబురమా, ఇంకేమన్ననా
మొకం దిక్కు వంగి చూసిన.

కండ్లు అప్పటికే మూసుకున్నది.