ఘర్షణ లేదని అనుకొనుము

తాడిపత్రిలో మా పాలిష్ యూనిట్‌కు
రోజూ సాయంత్రం ఒక గంట కరెంటు తీస్తారు.
మిషన్లు ఆగినాక కూడా కాసేపు
చెవుల్లో తిరుగుతానే ఉంటాయి.
ఆ యాలకు వస్తాది అర్షియా,
లారీ దస్తగిరి కూతురు, పదో తరగతి.
బండల దొంతి మీద తెల్లపొడి ఉఫ్‌మని ఊది
కూచుంటాది.
ట్యూషన్‌కు నెలకు ఎనిమిది నూర్లంట.
నేను ఊరికే వస్తాను.
తొమ్మిదిలో ఆగిపోయినోణ్ణి,
ఆగిపోయినోడి దగ్గర టైముంటాది.

"చిన్నాయనా, విను.
ఘర్షణ లేని వాలుతలంపై యాభై కిలోల దిమ్మె కలదు..."
ఆగు తల్లీ. ఘర్షణ లేనిదా? యాడుంది ఆ తలం?
అడ్రస్ చెప్పు, పొద్దున్నే పోయి ఆడ పనికి చేరతా.
"లేదని అనుకోవాలంట."
సరే, అనుకుందాం.
నా అరచేతులు చూపిచ్చినా.
రేఖలన్నీ బండలే తీసుకున్నాయి.
పోయిన తిరునాళ్లలో చెయ్యి చూసేటోడు
నా చెయ్యి పట్టుకొని, తిప్పి చూసి,
పది రూపాయలు వాపసిచ్చినాడు.

వాలుతలం మటుకు నాకు తెలుసు.
లారీకి పలక ఆనిచ్చి చూపిచ్చినా.
పొట్టి పలకైతే నడుం విరుగుతాది.
పొడుగు పలకైతే బలం తక్కువ, అడుగులు ఎక్కువ.
యాది తీసుకున్నా
లారీ ఎత్తు మాత్రం ఒక్క వేలు తగ్గదు.
పాప నన్ను చూసింది, పుస్తకం చూసింది.
"సూత్రం కూడా ఇదే చెప్తాంది" అనింది,
నేనేదో కాపీ కొట్టినట్టు.

తర్వాత కెమిస్ట్రీ.
బండ మీద ఆసిడ్ చుక్క పడితే బుస్సుమని పొంగేది
మాకు దినామూ ఉండేదే.
దాన్ని బాణం గుర్తు పెట్టి రాస్తారని తెల్దు.
"ఇటుపక్క ఆసిడ్‌కు ముందర
రెండు ఎందుకు రాయాల చిన్నాయనా?"
మీ నాయన లోడు చీటీ గుర్తుందా పాపా?
తాడిపత్రిలో ఎక్కినన్నే చెన్నైలో దిగల్ల.
పగిలిన బండా లెక్కలోదే.
క్లోరిన్లు అటు రెండు దిగినాయి,
ఇటు ఒకటే ఎక్కింది,
ఇంకోటి నడి దోవలో లారీ ఆపి ఎక్కిందా?
పడిపడి నవ్వి, రెండు వేసింది.
"మరి గాలిలో కలిసిపోయిన గ్యాసు?"
అది కూడా చీటీలో రాయల్ల.
కంటికి కనపడలేదని లెక్క ఎగ్గొడితే
సేటు ఒప్పుకోడు.

మూడోది సులువు అనుకున్నా.
నలభై కిలోల బరువు నెత్తిన పెట్టుకొని
మనిషి చదును నేల మీద ఇరవై మీటర్లు నడిచెను.
గురుత్వానికి వ్యతిరేకంగా చేసిన పని ఎంత?
నలభై, పది, ఇరవై. ఎనిమిది వేలు!
నా బతుకులో ఒక లెక్కకు
అంత గట్టిగా జవాబు చెప్పింది లేదు.
కరెంటొచ్చింది. మిషన్లు అరిచినాయి.
పాప పుస్తకం దులుపుకొని ఎల్లిపోయింది.

రెండు దినాలకు వచ్చింది, తల దించుకొని.
రెండు టిక్కులు, ఒక ఎర్ర ఇంటూ.
"సున్నా అంట చిన్నాయనా.
పైకి లేపితేనే పని.
అడ్డంగా ఎంత నడిచినా సున్నా."

బీడీ ముట్టిచ్చుకోను అగ్గిపెట్టె తీసి
మళ్లా జోబీలో పెట్టుకున్నా.
ఆలోచిస్తే మా సేటు కూడా
ఈ పుస్తకమే చదివినట్టుండాడు.
బండ లేపి లారీలో పెడితేనే కూలి,
నడిచిన దూరానికి ఎన్నడూ ఇచ్చినోడు కాదు.

"లేపినదానికి మాత్రం ఉంటాది చిన్నాయనా,
ఆగు, చేసి చెప్తా" అని
నా నెత్తి ఎత్తు జానలతో కొలిచింది.
ఒకటిన్నర మీటరు అని రాసుకుంది.
వేళ్లు మడిచి, పెన్సిల్ కొరికి,
"ఆరు నూర్ల జౌళ్లు!"
ఆ బిడ్డ మొగంలో ఎట్లాంటి సంబరమంటే,
కూలి పెంచినట్టే.

ఇప్పుడు బండ నెత్తికెత్తినప్పుడల్లా
నోట్లోనే అనుకుంటా, ఆరు నూర్లు.
తర్వాత ఇరవై మీటర్లు
ఏమీ అనుకోకుండా నడుస్తా.
దించేటప్పుడు ఆ ఆరు నూర్లు ఏమైపోతాయో
అడగల్ల.
శనివారం అడుగుతా,
కరెంటు పోతే.