నీడలో కొలిచిన ఎండ

వినియోగదారుల కమిషన్లో నేను స్టెనోని.
పద్దెనిమిదేళ్లుగా జనం కోపాన్ని
మార్జిన్ వదిలి, డబుల్ స్పేసులో టైపు చేస్తున్నాను.
నీళ్లు కారే ఫ్రిజ్‌లు, మధ్యలో ఆగిన లిఫ్టులు,
ముహూర్తం దాటాక వచ్చిన వీడియో వాడు.
ఈ వేసవి మాత్రం
అందరిదీ ఒకటే జబ్బు. ఒళ్లు కాలడం.

గాజువాక కుర్రాడి ఫోను
బండి హ్యాండిల్ మీద దారి చూపిస్తూ చూపిస్తూ
పాత పోస్టాఫీసు దగ్గర నల్లబడింది.
వీపున ఎవరిదో బిర్యానీ, ఎదురుగా నాలుగు సందులు.
మర్రిపాలెం మేష్టారి ట్యాబు
నానిన సెనగలా ఉబ్బి
తన అద్దాన్ని తనే పగలగొట్టుకుంది.

ఇవాళ చోడిపల్లి కొర్లమ్మ వచ్చింది.
పెద్ద జాలారిపేట. ఎండుచేపల బేరం.
లాయరు లేడు.
నెత్తళ్లు కట్టే కాగితంలో చుట్టి ఫోను తెచ్చింది.
బల్ల మీద పొట్లం విప్పగానే
హాలంతా సముద్రం.
ఏసీ కింద కంపెనీ వకీలు రుమాలు తీశాడు.

ముప్పై అయిదు డిగ్రీలు దాటిన చోట వాడరాదు,
చిన్న పుస్తకం, పదకొండో పేజీ, అన్నాడాయన.
ఆ పేజీ నేనూ చూశాను.
కొర్లమ్మకి చదువు రాదు సరే,
చదువొచ్చిన నాకు భూతద్దం కావాల్సొచ్చింది.

"పుస్తకం ఇచ్చినాడు బాబూ, కాదన్ను.
డబ్బులు పడ్డాయో లేదో సెప్తాదని కొన్నాను.
ఇసకలో సేపలెండేసి కాకులు తోలుకుంటాను.
కొనీవోళ్లూ ఎండలోనే వత్తారు.
గొడుగు కింద దాన్నెట్టి
నాను ఎండలో నిలబడ్డాను.
అయినా సచ్చిపోనాది."

సభ్యురాలు వాతావరణ కేంద్రం కాగితం అడిగారు.
మే పదకొండు, మధ్యాహ్నం:
ముప్పై నాలుగు పాయింట్ రెండు.
వెనక బెంచీలో ఎవరో నవ్వారు.
ఆ రోజు నాకు గుర్తే.
ఫ్యాన్ కిందే చొక్కా పిండుకున్నాను,
గాలి ఉప్పుబస్తాలా మెడ మీద కూర్చుంది.
అయినా కాగితం కాగితమే.
కంపెనీ గీసిన గీతకి ఇవతలే ఉంది కొర్లమ్మ,
పాయింట్ ఎనిమిది డిగ్రీల జాగాలో.

వకీలు తడుముకోలేదు.
"అది నీడలో కొలిచిన లెక్క, మేడమ్.
తెల్ల చెక్కపెట్టెలో, గాలాడే చోట.
ఫిర్యాది ఉన్నది ఎండలో."

ఆ ఇంగ్లీషుని ఆమెకి తెలుగు చేసి చెప్పాను.
కాసేపు నా మొహమే చూసింది.
"ఎండని నీడలో కొలుత్తారా?"
"అవునమ్మా."
"అయితే ఆ పెట్టి ఒకటి మా కాడెట్టమనండి.
ఫోను దాంట్లో ఎట్టుకుంటాను."

ఇది రికార్డుకెక్కించాలా అని
అధ్యక్షుల వైపు చూశాను.
కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు.
ఎక్కించేశాను.

నిపుణుడి నివేదిక కోసం వాయిదా, జూలై పద్నాలుగు.
అప్పటికి వానలు పడతాయి, ఇసక మీద చేప ఉండదు,
ఎండ ఎలా ఉండేదో ఎవరికీ గుర్తుండదు.
ఫోను మా బీరువాలోకి వెళ్లింది, కాగితంతో సహా.
రేపటికి లిఫ్టుల ఫైళ్లూ ఫ్రిజ్‌ల ఫైళ్లూ
నెత్తళ్ల వాసనేస్తాయి.

కిటికీలోంచి చూస్తే
మహారాణిపేట బస్టాపులో నిలబడి ఉంది.
కప్పు ఎప్పుడో ఎగిరిపోయిన బస్టాపు.
ముద్ర వేసి నేనిచ్చిన రసీదుని
నుదుటికి అడ్డం పెట్టుకుంది.
రసీదంత నీడ
ఆమె కళ్ల మీద పడింది.