ఏటి లెక్క

పొద్దున్న ఎనిమిదికి ఏటి దగ్గరుండాలి.
ఎనిమిదీ ఐదుకి కాదు.
పందొమ్మిదేళ్లుగా ఇదే నా కొలువు:
మెట్టపేట రేవులో, వంశధార ఒడ్డున,
రాతికట్టుకి బిగించిన తెల్ల పలక మీద
నీళ్లు ఏ గీతని తాకుతున్నాయో చూసి
పుస్తకంలో రాయడం.
రిమార్కుల గడిలో రోజూ ఒక అడ్డగీత.

మా దిక్కున ఏటి అంటే మూడు.
ఏటి ఇసక అంటే ఏరు.
ఏటి సూతకం అంటే ఏడాది.
దాలప్పడు తడి వల దులుపుకుంటూ
తల తిప్పి "ఏటీ?" అన్నాడంటే
ఏమిటని.

మొన్న శుక్రవారం హైస్కూలు ఆవరణలో
షామియానా వేసి ఈ మూడింటినీ
ఒక్కసారే అడిగారు.
పైన కొండల నడుమ గోడ కడతారట,
గోడ కింద చక్రాలట,
చక్రాల్లోంచి కరెంటట.
మజ్జిగ పేకెట్లు పంచారు.

ఇంజనీరు కుర్రాడు మంచివాడే.
తన కుర్చీ ఒక ముసలమ్మకిచ్చి నిలబడే మాట్లాడాడు.
బొగ్గు మసి లేని వెలుగన్నాడు,
వరదకి కళ్లెం అన్నాడు,
ఇన్ని నీళ్లు ఏటా ఊరికే సముద్రం పాలవుతున్నాయన్నాడు.
ఆ 'ఊరికే' దగ్గర
నా చేతిలో పెన్ను ఆగింది.

సవర జమ్మన్న లేచాడు.
"కొండకి పట్టా ఇచ్చినారు. గెడ్డకి ఇవ్వనేదు.
మరి ఎవులిదని ముంచుతన్నారు?"
దాలప్పడు మైకుని చేపని పట్టినట్టు పట్టుకున్నాడు.
"మలుగు సముద్రంల పుడతాది బాబూ,
గుంటగా ఉన్నప్పుడే ఏరెక్కి పైకొస్తాది.
కింద తలుపులేసిన కాడినించి నాకెన్ని పడ్డాయో
ఈ పుస్తకంవోడినడగండి."

నా పుస్తకంలో మలుగుకి గడి లేదు.

నా వంతు వచ్చింది.
వద్దు అందామనే వెళ్లాను.
నోరు తెరవబోతే మా అక్క పార్వతాలు గుర్తొచ్చింది.
ఉద్దానంలో ఇల్లు. వారానికి రెండుసార్లు పలాస ప్రయాణం.
చేతిలో రెండు సూదులు, పక్కన యంత్రం,
నాలుగు గంటలపాటు తన రక్తం తనకే కొత్తగా.
తుపానుకి స్తంభాలన్నీ పడుకున్న వారం
మేమంతా ఆ యంత్రం వైపే చూస్తూ కూచున్నాం.
కరెంటు ఎందుకని నేనెలా అనను?

అందుకే తెలిసిన ఒక్క సంగతీ అడిగాను.
"బాబూ, చక్రాలు ఎప్పుడు తిప్పుతారు?"
"అవసరమైనప్పుడు. ఎక్కువగా సాయంత్రాలు."
అంటే పట్నంలో దీపాలు వెలిగితే నా ఏరు పొంగుతుంది,
పట్నం పడుకుంటే ఇసక తేలుతుంది.
ఎనిమిదికి నేను చదివేది
కొండ మీద రాత్రి కురిసిన వానని కాదు,
ఎవరో నొక్కిన స్విచ్చిని.
నడి ఏట్లో బట్టలుతికే ఆడవాళ్లకి
ఆ సంగతి ఎవరు చెప్తారు?
ఆషాఢం వచ్చిందని ఏటికి ఎవరు చెప్తారు?

"సగటున తేడా ఉండదండీ," అన్నాడు కుర్రాడు, మెత్తగానే.
సగటు నాకూ తెలుసు. ప్రతి మార్చిలో నేనే తీసి పంపుతాను.
పందొమ్మిదేళ్లలో ఒక్క పొద్దయినా
ఏరు ఆ గీత దగ్గర ఆగగా నేను చూడలేదు.

బల్ల దగ్గర గుమాస్తా విసుక్కున్నాడు.
"కావాలా, వద్దా? ఒక్క మాటలో చెప్పు."
"ఏటి?" అన్నాను.
నా పేరు పక్కన 'వివరణ కోరారు' అని రాసుకున్నాడు.

ఇవాళ ఎనిమిదికి మళ్లీ రేవులో ఉన్నాను.
రెండు మీటర్ల పదకొండు.
పలక మీద సన్నని నాచు, కాళ్ల దగ్గర చల్లదనం,
ఎగువన ఎక్కడో కురిసినట్టుంది, నీళ్లలో ఎరుపు జీర.
ఫోను మోగింది. అక్క.
గొంతు వెనక యంత్రం గురగుర.
"ఏటిరా, ఏటి కబురు?"
"రెండూ పదకొండక్కా."
"పెరిగినట్టా, తగ్గినట్టా?"
కాసేపు చూశాను.
"నడుస్తంది," అన్నాను.

రిమార్కుల గడి
ఇంకా ఖాళీగానే ఉంది.