ఈదమ్మ గాలి లెక్క

రోహిణి కార్తెకు రోళ్లు పగులుతయంటరు.
కట్టంగూరు క్రాసింగు కాడ
మాకు టైర్లు పగిలేవి.

రేకుల పందిరి, దగ్గుకుంట నడిచే కంప్రెషరు,
డ్రమ్మును అడ్డంగ కోసి చేసిన నీళ్ల తొట్టి.
పేరు రాసిన బోర్డు లేదు,
సున్నమేసి రోడ్డు మొకాన నిలబెట్టిన లారీ టైరే బోర్డు.
ఇంటర్ల ఫిజిక్సు పోయి
నేనాడ పనికి కుదిరిన.

పరీక్షల ఆ ప్రశ్న వచ్చింది.
పీవీ ఈజీక్వల్టు ఎన్నార్టీ అని ఒక్క లైను రాసి
కిందంత తెల్లకాయితం ఇడిసిపెట్టిన.
ఎన్నార్టీ అంటే నాకప్పుడు
దేవరకొండ దిక్కు తిరిగే ప్రైవేటు బస్సు పేరు లెక్కుండేది.

ఈదమ్మ బడి మొకం సూడలే.
మొదటినాడే సైకిల్ పంపు చేతికిచ్చి
"మూతిని బొటనవేలుతోని మూసి కిందికొత్తు" అన్నది.
సగం దాక పోయింది.
మిగిలిన సగంల సగానికి నా వేలు వణికింది,
ఇంకింతకు పిడి నన్నే పైకి లేపింది.
"జాగ గుంజుకుంటే ఎవలైన తిరగబడ్తరు,
గాలి ఊకుంటదా?"
పంపు గొట్టం చేతికి వెచ్చగ తగిలింది.
అదెందుకని అడగలే.
ఇప్పుడైతే అడుగుదును.

అతుకేసిన ట్యూబును గోడ మీద పెడితే
పొద్దుగాల సొట్టబుగ్గల ముసల్ది,
మిట్టమధ్యాహ్నం నిండు చూలాలు,
పొద్దుగూకితే మళ్ల ముసల్ది.
నడుమ ఎవరూ గాలి కొట్టలే, ఎవరూ ఇడువలే.

లారీ టైరు అట్ల గాదు, సాగనియ్యదు.
పొద్దుగాల ఆరింటికి లతీఫ్ బండికి
నూట పది పెట్టి పంపినం.
కోదాడ పోయి ఎండల ఉరికొచ్చి
రెండింటికి ఆపితే మీటరు నూట ఇరవై ఏడు.
"ఎక్కువ కొట్టినవే, జర ఇడువు" అన్నడు.
వాల్వు మీదికి పోయిన నా చేతిని
ఈదమ్మ స్పానరుతోని తట్టింది.
"కొట్టింది గంతే ఉన్నది, పిడికెడు పెరగలే.
వేడికి లోపట ఉరుకులాడుతున్నది.
ఇప్పుడిడిస్తే సల్లారినంక మెత్తబడ్తది,
మెత్తటిది మడతబడుకుంట కాగుతది,
కాగి కాగి ఏ నడిరాత్రో పేల్తది.
బండి నీడకు పెట్టి చాయ తాగిరాపో."
లతీఫ్ రెండు చాయలు తాగిండు.
మీటరు దిగుకుంట దిగుకుంట వచ్చింది.

ఆమె ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు.
రిమ్ము రింగు ఎగిరిననాడు పోయినయట.
ఎట్లైందని అడిగితే
"గాలికి జాగ సాలలే" అంటది, గంతే.

ఒకనాడు మేకు దిగి
పూర్తిగ కూలబడ్డ టైరొచ్చింది. మీటరు సున్న.
"ఖాళీ" అన్న నేను.
"ఖాళీ ఏడిది? బయట ఎంతున్నదో లోపట గంతనే ఉన్నది.
మన నెత్తి మీదున్న గాలిని మీటరు లెక్కబెట్టదు."

ఆ రాత్రి నిద్ర పట్టలే.
డిగ్రీలకు రెండువందల డెబ్బైమూడు కలపమని
లెక్చరరు ఎందుకంత ఒర్లేటోడో
రేకుల కింద పండుకుంటే తెలిసొచ్చింది.
ఆ సున్న గూడ సున్న గాదు,
సల్లదనానికి అడుగు ఇంకా చాన కిందున్నది.
మెమోల నా మార్కు గురించి గూడ
జరసేపు ఆలోచించిన,
గని అది నిజంగనే తొమ్మిది.

దుకాణం కట్టేసే ముందు
కంప్రెషరు కడుపు కింది నల్ల తిప్పుతది ఈదమ్మ.
పొద్దంత అదిమిపెట్టిన గాలి
తుప్పునీళ్లు కక్కుకుంట బుస్సున బయటికురుకుతది.
మూడు వేళ్ల చెయ్యి దానికడ్డం పెట్టి
కండ్లు మూసుకుంటది.
"రా, నువ్వు గూడ పెట్టు."

రోడ్డు ఇంకా కాగుతనే ఉంటది.
విజయవాడ బస్సులు దుమ్ము లేపుకుంట పోతనే ఉంటయి.
నా అరచేతిల మాత్రం
పాతబాయి అడుగు నీళ్లంత సల్లగ.