ఇరవై నిమిషాలు

రాత్రి రెండు దాటింది.
కిటికీ అద్దానికి లోపలివైపే మంచు కట్టింది.
బయట గుట్ట మీద ఒక్కో గెర్ కప్పులోంచి
బొగ్గు పొగ లేస్తోంది; లేచి, ఎటూ పోలేక
మళ్లీ కిందికే దిగి వీధుల్లో పడుకుంటోంది.
ఉలాన్‌బాతర్‌లో జనవరి అంటే ఇదే.

యండమ్ తాతను ఇద్దరు మోసుకొచ్చారు.
కూర్చోబెడితేనే ఊపిరి.
మోకాళ్ల మీద చేతులు ఆనించి
భుజాలతో గాలిని తోడుకుంటున్నాడు,
అడుగంటిన బావిలో చేద వేసినట్టు.
ఛాతీ నిండా పిల్లికూతలు.
ఏదడిగినా రెండు మాటలు చెప్పి మూడోదాని దగ్గర ఆగుతాడు.

ఖులాన్‌కి ఇది నాలుగో నైట్ డ్యూటీ.
నేను ఆక్సిజన్ గొట్టం సర్దేలోగా
అల్మరా తెరిచింది, అమినోఫిలిన్ తీసింది,
ఆంప్యూల్ మెడ మీద బొటనవేలు పెట్టింది.
తప్పు పట్టలేను.
కళ్లెదుట మనిషి మునిగిపోతుంటే
ఎవరి చెయ్యి ఊరుకుంటుంది?

ఆగు, అన్నాను.

నా ఇరవై మూడో ఏట, గోబీ అంచున చిన్న ఆసుపత్రిలో,
ఒక లారీ డ్రైవరు నరంలోకి
ఇరవై నిమిషాల మందుని
రెండు నిమిషాల్లో తోసేశాను.
ఊపిరి తిరిగింది, నిజమే.
ఆ వెంటనే గుండె కట్టు తెంచుకుంది.
వాంతి. చేతుల్లో వణుకు. తర్వాత
కళ్లు పైకి తేలేసి ఒళ్లంతా కొట్టుకుంది.
అతను బతికాడు.
ఈ తెల్ల కోటు ఇంకా నా ఒంటి మీద ఉందంటే
అది అతను పెట్టిన భిక్ష.

ఇదంతా ఖులాన్‌కి చెప్పే తీరిక లేదు అప్పుడు.
తాత భార్యను ఒక్కటే అడిగాను:
"ఇంట్లో ఏం మింగాడు?"

దుల్మా దేల్ రొమ్ములోకి చెయ్యి పెట్టి
నలిగిన మాత్రల అట్ట తీసింది.
పొద్దున ఒకటి.
చీకటి పడ్డాక ఆయాసానికి ఇంకొకటి.
బండి కోసం చూస్తూ చూస్తూ మరొకటి.
థియోఫిలిన్. పేరు వేరు, రక్తం ఒకటే;
మా చేతిలో ఉన్నదానికి తోబుట్టువు.

"సిగరెట్ కూడా మానేశాడు, పది రోజులైంది,"
అంది గర్వంగా.
మెచ్చుకోవాల్సిన మాట. మెచ్చుకున్నాను కూడా.
కానీ పొగ మానిన ఒంట్లో
ఈ మందు తొందరగా కరగదు,
వెళ్లమన్నా వెళ్లని చుట్టంలా తిష్ట వేస్తుంది.
నాడి పట్టుకున్నాను: నూట ముప్పై.
గిన్నె అంచుదాకా నిండే ఉంది.

డాక్టర్ ఒచిర్ ఫోన్లో అదే అన్నాడు:
అది వద్దు. మాస్కులో సాల్బుటమాల్ పట్టు,
స్టెరాయిడ్ ఇవ్వు, ఇ.సి.జి. తియ్యి,
రక్తం ల్యాబుకి పంపు, నేను వస్తున్నా.

ఆంప్యూల్ పగలకుండానే పెట్టెలోకి వెళ్లింది.
"మనం ఏమీ చెయ్యనట్టుంది, అక్కా,"
అంది ఖులాన్, మొహం చిన్నబుచ్చుకుని.
నేను జవాబివ్వలేదు.
నాలుగింటికి తాత ఒక వాక్యం మొత్తం
ఆగకుండా చెప్పాడు:
ఈ ఆసుపత్రి టీలో ఉప్పు తక్కువ, అని.

తెల్లారే ముందు మరొకామె వచ్చింది, కుట్టుపని చేసే మనిషి.
ఏ మాస్కుకీ లొంగని ఆయాసం.
ఒచిర్ ఛాతీ విని, ఇ.సి.జి. చూసి,
ఈసారి ఇవ్వమన్నాడు, మోతాదు రాసిచ్చాడు.

ఖులాన్ ముందు అడిగింది: మాత్రలేమైనా?
ఏమీ లేవు. మూర్ఛలు? లేవు. గుండె జబ్బు? లేదు.
దేల్ విప్పించి, బూట్లు విప్పించి తూచింది;
ఆ బట్టల బరువే నాలుగు కిలోలు.
లెక్క వేసి నాకు చూపించింది.
మందుని సెలైన్‌లో పలచన చేసింది.
పంపు చెడిపోయి నెల దాటింది కనక
చేత్తోనే, గోడ గడియారం చూస్తూ,
వేళ్లు నాడి మీద, కళ్లు మానిటర్ మీద,
కాస్త తోసి, ఆగి,
"వికారంగా ఉందా?" అని అడిగి,
మళ్లీ కాస్త.

నేను రోగిని చూడలేదు.
ఆ పిల్ల బొటనవేలినే చూస్తూ కూర్చున్నాను,
పిస్టన్ మీద కదులుతున్నట్టే తెలియని ఆ వేలిని,
ఇరవై నిమిషాలూ.